సైకిల్ సారు దారి

“ఇంకా సైకిలేనా సారూ?”

ఈ ప్రశ్న వినకుండా నాకు నెల గడవదు. పెళ్లి విందులో ఎదురైన బంధువు అడుగుతాడు. బ్యాంకు వరుసలో పక్కన నిలబడ్డ పాత శిష్యుడు అడుగుతాడు. నెలనెలా జీతం వచ్చే మనిషి సైకిల్ తొక్కడం వాళ్లకు పిసినారితనంగానో, పైకి చెప్పుకోలేని ఇబ్బందిగానో తోస్తుంది. వాళ్లను తప్పుపట్టను. ఒకప్పుడు నేనూ ఆ మాటకు లొంగిపోయినవాణ్ణే. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ దారిలో ఉన్న సుఖమేమిటో చెప్పనివ్వండి.

మా ఇల్లు నంద్యాల పట్టణంలో. బడి పడమటి వైపు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని పల్లెలో. 1996లో ఉద్యోగంలో చేరాను. నడుమ ఒక బదిలీ అయింది గాని, అది కూడా ఈ దారిలోని మరో ఊరికే. బడి మారినా దారి మారలేదు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది పారే నల్లరేగడి నేల ఇది.

ఎండ, గాలి, బురద

ఈ దారికి ఒక చక్కని వీలుంది. ఉదయం సూర్యుడు నల్లమల మీద లేచే వేళ నేను పడమటికి పోతాను. సాయంత్రం ఆయన ఎర్రమల వెనక్కి దిగే వేళ తూర్పుకు మళ్లుతాను. రెండు పూటలా ఎండ వీపు మీదే ఉంటుంది, కళ్లలో పడదు. గాలి సంగతి వేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి జోరుగా వీస్తుంది. నలభై నిమిషాల దారికి ఉదయం గంట పడుతుంది. సాయంత్రం అదే గాలి వీపున చెయ్యి వేసి అరగంటలో ఇల్లు చేరుస్తుంది. పొద్దున తీసుకున్నది పొద్దుగూకక ముందే తీర్చేస్తుంది. వడ్డీ లేని అప్పు అంటే ఇదే!

వాన పడితే రేగడి మట్టి టైరుకు అంటుకుంటుంది. మడ్‌గార్డు కింద గట్టిగా ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. అప్పుడు దిగి తుమ్మపుల్లతో గీకి గీకి తీయాలి. చెప్పులు చేతికి వస్తాయి, ప్యాంటు మోకాళ్లకు ఎక్కుతుంది. అలా నిలబడ్డప్పుడే పాలపిట్ట కరెంటు తీగ మీది నుంచి లేచి, అప్పటిదాకా దాచుకున్న నీలం రెక్కలు విప్పుతుంది. ట్రాక్టరు దున్నుతున్న చేలో తెల్లకొంగలు పురుగుల కోసం వెంట వెంట నడుస్తుంటాయి. చక్రం ఆగకపోతే వీటిని చూసేవాణ్ణి కాను.

డిసెంబరు వచ్చిందంటే ఇరుపక్కలా శనగ చేలు. మంచు పట్టిన శనగాకును వేలితో తాకి నాలుకకు రాసుకుంటే పుల్లగా ఉంటుంది. ఆ పులుపు ఆకే స్రవిస్తుంది. ఈ రుచి నాకు నేర్పింది నా శిష్యులే. ఇక మార్చి నెలాఖరుకు ఒంటిపూట బడులు. మిట్టమధ్యాహ్నం తిరుగు ప్రయాణం నిజంగా కష్టమే. తలకు తడి తువ్వాలు, జేబులో ఉల్లిగడ్డ, సీసాలో మజ్జిగ ఉండాలి. దారిలోని చింతచెట్ల కింద నీడ ఉన్నంతమేర మెల్లగా తొక్కి, నీడ లేనిచోట వేగంగా తొక్కడం అప్పుడే అలవాటైంది.

కైంచీ నుంచి సీటు దాకా

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడు అద్దె సైకిల్ గంటకు అర్ధరూపాయి. సీటు అందదు కనుక కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్లం. దాన్ని మా ఇళ్లలో ‘కైంచీ’ అనేవారు. ఉర్దూలో కైంచీ అంటే కత్తెర. రెండు కాళ్లూ కత్తెర పడ్డట్టే ఉండేవి. మోకాలి చిప్పలు చీరుకుపోయాకే సీటు ఎక్కే యోగం కలిగేది.

రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, వెనక చక్రాన్ని చైను తిప్పే సైకిల్‌ను 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారు చేశాడు. 1888లో డన్లప్ అనే పశువైద్యుడు గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దాని రూపం పెద్దగా మారలేదు. నడకకు పడే శ్రమతోనే నడకకు మూడింతల వేగం ఇచ్చే యంత్రం ఇది. పొగ లేదు, చప్పుడు లేదు. పంచరు వేసుకోవడం, చైను ఎక్కించుకోవడం ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు.

వారానికి కనీసం నూటయాభై నిమిషాలు ఒళ్లు వంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సలహా ఇస్తోంది. నేను బడికి పోయి రావడంలోనే ఆరు రోజుల్లో నాలుగు వందల ఎనభై నిమిషాలు తొక్కుతున్నాను. వ్యాయామం కోసం తెల్లవారుజామున వేరే నడకకు పోనక్కరలేదు.

పలకరించే వేగం

అయితే నన్ను ఈ సైకిల్‌కు కట్టిపడేసింది ఆరోగ్యం ఒక్కటే కాదు. వాహనం మీద పోయేవాడు నడిచేవాడికి ముందుగా సలాం చేయాలని దైవప్రవక్త (స) బోధించారు. మదరసాలో ఈ మాట కంఠతా పట్టాను. దాని అందం మాత్రం ఈ దారిలోనే తెలిసింది. సైకిల్ వేగం పలకరించే వేగం. సలాం చేస్తే జవాబు వినేంత వ్యవధి ఉంటుంది. “బాగుండావా పెద్దాయనా?” అని అడిగి, ఆయన చెప్పేది విని, ముందుకు సాగవచ్చు.

సగం దారిలో ఒక ఊరి వేపచెట్టు కింద ఒక పెద్దాయన జనుము తాళ్లు పేనుతూ కూర్చునేవాడు. నన్ను చూస్తే చాలు, “టైమెంతాయ సారూ?” అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. దాదాపు పంతొమ్మిదేళ్లు మా మధ్య జరిగిన మాటల్లో ఎక్కువ భాగం ఇంతే.

2015లో ఇంట్లో వాళ్లూ, తోటి ఉపాధ్యాయులూ పోరితే లోను పెట్టి మోటారుసైకిల్ కొన్నాను. తొమ్మిది కిలోమీటర్లు పదిహేను నిమిషాలయింది. మిగిలిన సమయం ఏమైందో నాకు తెలియదు. హెల్మెట్ పెట్టుకుని, రోడ్డు మీది గుంతలు చూసుకుంటూ పోయేవాణ్ణి.

రెండేళ్లకు బండి చెడి మెకానిక్ దగ్గర పడింది. మూలనున్న సైకిల్‌కు గాలి కొట్టించి బయలుదేరాను. వేపచెట్టు దగ్గరకు రాగానే అలవాటుగా వాచీ చూసుకున్నాను. చెట్టు కింద ఎవరూ లేరు. పక్కింటి అరుగు మీదున్న అవ్వను అడిగాను.

“ఆయప్ప పొయ్యి ఐదు నెలలాయ సారూ. సైకిల్ సారు ఈ మధ్య కనపళ్లేదే, ఒంట్లో బాగలేదేమో అని అడుగుతాండె” అంది.

ఐదు నెలలు. రోజుకు రెండుసార్లు ఆ చెట్టు ముందు నుంచే పోయాను. ఆ స్థలం ఖాళీ అయిన సంగతి నాకు తెలియలేదు. హెల్మెట్‌లో పోతున్నది నేనేనని ఆయనకూ తెలియలేదు. నా కోసం విచారించిన మనిషి జనాజాకు నాలుగడుగులు నడవలేకపోయాను. అది నా గుండెలో నేటికీ ముల్లులా ఉంది. ఆ నెలలోనే మోటారుసైకిల్ మా అబ్బాయికి ఇచ్చేశాను.

పాఠకులకు ఒక మనవి

అందరూ మోటారు బండ్లు అమ్మేయమని నేను చెప్పడం లేదు. దూరాలున్నవారికి, ఒంట్లో బలం లేనివారికి అవి అవసరం. లారీలు పరుగెత్తే పెద్ద రోడ్డు మీద సైకిల్ ప్రమాదకరం కూడా. కాని పని చోటు నాలుగైదు కిలోమీటర్ల లోపే ఉండి, పల్లెదారి ఉన్నవారు వారానికి రెండు రోజులైనా తొక్కి చూడండి. వెనక మడ్‌గార్డుకు ఎర్రని రిఫ్లెక్టరు, చీకటి పడితే ముందు దీపం మరవకండి.

మన ఆడపిల్లలకూ సైకిల్ నేర్పించండి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. చదువు కోసం పక్క ఊరికి పోవడానికి బస్సు కోసమో, తమ్ముడి కోసమో ఎదురుచూసే పని లేకుండా పోతుంది. నా దారిలో ఇప్పుడు రోజూ నలుగురమ్మాయిలు గంట కొట్టి నన్ను దాటుకుని హైస్కూలుకు పోతున్నారు. “నమస్తే సార్!” అన్న వాళ్ల కేక గాలిలో వెనక్కి వస్తుంది.

వేపచెట్టు కింద ఇప్పుడు ఆ పెద్దాయన మనవడు చిన్న టీ బంకు పెట్టాడు. అక్కడ దిగుతాను. అతను టైం అడగడు, చేతిలో ఫోనుంది. అయినా నేనే చెబుతాను.