పీల్చిన శిలీంధ్రాలపై స్వాభావిక అసంక్రామ్యత: ఆస్పర్జిల్లస్ ఉదాహరణ

ఈ పేజీ చదువుతున్న సమయంలో కూడా మీరు శిలీంధ్ర సిద్ధబీజాలను పీలుస్తూ ఉండవచ్చు. బూజుపట్టిన ఎండుగడ్డి, కుళ్లుతున్న ఆకులు, పెంటకుప్పల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు కొనీడియాలనే సిద్ధబీజాలను గాలిలోకి వదులుతుంది. ఒక మనిషి రోజుకు కొన్ని వందల కొనీడియాలను పీలుస్తాడని అంచనా. అయినా మనలో ఎక్కువమందికి ఏమీ కాదు. ఎందుకు కాదు? ఎవరికి అవుతుంది? ఈ భాగంలో మనం చూడవలసిన ప్రశ్నలు ఇవే. (ఆస్పర్జిల్లస్ అనే పేరు 1729లో ఇటలీకి చెందిన మికేలి పెట్టినది. ఆయన వృక్షశాస్త్రవేత్త. ఆ బూజు ఆకారం చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనాన్ని ఆయనకు గుర్తుచేసింది.)

కొనీడియం వ్యాసం 2 నుంచి 3 మైక్రోమీటర్లు మాత్రమే. ముక్కులోని రోమాలు, శ్లేష్మం, శ్వాసనాళాల శైలికలు పెద్ద రేణువులను అడ్డుకుంటాయి. ఇంత చిన్నవి కొన్ని తప్పించుకుని వాయుగోణుల దాకా చేరతాయి. చాలా బూజులు మన శరీరపు 37 డిగ్రీల వేడికి సరిగా పెరగలేవు. పెంటకుప్ప లోపలి వేడికి అలవాటుపడిన ఫ్యూమిగేటస్‌కు మాత్రం అది ఇబ్బంది కాదు.

శిలీంధ్రాల కణకవచంలో బీటా-గ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. మన కణాలలో అది లేదు. అందువల్ల భక్షక కణాలపై ఉండే డెక్టిన్-1 అనే గ్రాహకం దానిని పరాయి గుర్తుగా పట్టుకుంటుంది. అయితే నిద్రావస్థలో ఉన్న కొనీడియం ఆ గుర్తును బయటపెట్టదు. నీటిని అంటనివ్వని ఒక ప్రోటీన్ పొర దాన్ని కప్పి ఉంచుతుంది. ఈ పొర లేని కొనీడియాలు రక్షక కణాలను వెంటనే ప్రేరేపిస్తాయని 2009లో ప్రచురించిన పరిశోధన చూపింది. కొనీడియం తేమ పీల్చి, కొన్ని గంటలలో ఉబ్బి, మొలకెత్తడానికి సిద్ధమైనప్పుడు పై పొర ఊడిపోతుంది. అప్పుడు బీటా-గ్లూకాన్ బయటపడి డెక్టిన్-1కు దొరుకుతుంది.

దీనిని కేవలం శిలీంధ్రపు మోసంగా చూస్తే సగమే అర్థమవుతుంది. పీల్చిన ప్రతి కొనీడియానికీ శోథ ప్రతిచర్య మొదలైతే మన ఊపిరితిత్తులు ఎప్పుడూ వాచే ఉండేవి. మొలకెత్తబోయే వాటిపైనే తీవ్రంగా స్పందించడం మనకూ మేలే.

వాయుగోణులలోని స్థూలభక్షక కణాలు కొనీడియాలను మింగి, లోపలి ఆమ్లంతో, ఎంజైములతో చంపుతాయి. కొనీడియాకు బూడిద-ఆకుపచ్చ రంగునిచ్చే మెలనిన్ ఈ పనికి అడ్డుపడుతుంది. కాబట్టి కొన్ని బతికి మొలకెత్తుతాయి. ఈలోగా స్థూలభక్షక కణాలు, శ్వాసమార్గపు ఉపకళా కణాలు రసాయన సంకేతాలు పంపి రక్తం నుంచి న్యూట్రోఫిల్‌లను రప్పిస్తాయి. పొడవుగా సాగిన శిలీంధ్రతంతువును ఒక కణం మింగలేదు కదా! న్యూట్రోఫిల్‌లు దానికి అతుక్కుని, ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ సాయంతో సూపరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేసి దెబ్బతీస్తాయి. కొన్ని తమ డీఎన్‌ఏనే వలలా బయటికి విసిరి తంతువు పెరుగుదలను నెమ్మదింపజేస్తాయి.

ఈ అంచెలలో ఏది తెగిందో దాన్నిబట్టే జబ్బు తీరు మారుతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు (దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి) న్యూట్రోఫిల్‌లు ఉన్నా ఆస్పర్జిల్లస్ ప్రాణాంతకం కావచ్చు. రక్తక్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునేవారిలో న్యూట్రోఫిల్‌లే తగ్గిపోతాయి. తంతువులు రక్తనాళాలలోకి చొచ్చుకుపోతాయి. అలాంటి రోగికి చీము, కఫం పెద్దగా కనిపించకపోవచ్చు, ఎందుకంటే చీము చాలావరకు న్యూట్రోఫిల్‌లే. యాంటీబయాటిక్‌లకు తగ్గని జ్వరమే తొలి సూచన కావచ్చు. స్టెరాయిడ్‌లు ఎక్కువ మోతాదులో, ఎక్కువకాలం వాడినవారిలో కణాల సంఖ్య తగ్గకపోయినా వాటి చంపే శక్తి తగ్గుతుంది.

2021లో కోవిడ్ రెండో అల సమయంలో మన రాష్ట్రాలలోనూ కనిపించిన 'బ్లాక్ ఫంగస్' దీనికి దగ్గరి బంధువు కాదు. అది మ్యూకరేలిస్ వర్గపు శిలీంధ్రాల వల్ల వచ్చే మ్యూకర్‌మైకోసిస్. నలుపు శిలీంధ్రానిది కాదు, రక్తం అందక చచ్చిపోయిన కణజాలానిది. అయినా దారి తెరుచుకున్న తీరులో పోలిక ఉంది: అదుపు తప్పిన మధుమేహం, దానిపై స్టెరాయిడ్‌లు. రక్తంలో కీటో ఆమ్లాలు పెరిగినప్పుడు భక్షక కణాలు మందగిస్తాయి, శిలీంధ్రానికి కావలసిన ఇనుము కూడా ఎక్కువగా దొరుకుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కీమోథెరపీ తీసుకుంటున్న బంధువు ఉన్న ఇంట్లో పాత ఎండుగడ్డి దులపవలసి వచ్చింది. రోగిని దూరంగా ఉంచాలని మీరు ఎందుకు చెబుతారో, పై అంచెలలో ఏది తెగి ఉందో పేర్కొంటూ ఐదు వాక్యాలలో రాయండి.