పడటం నేర్పే నాట్యం

మామూలుగా డ్యాన్స్ క్లాసులో మొదట అడుగులు నేర్పుతారు. కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ క్లాసులో పడటం నేర్పుతారు. తూలిపడబోతే ఎవరైనా చేతులు చాచి ఆపుకోబోతారు. మణికట్టు దెబ్బతినేది అక్కడే. అందుకే మోకాళ్లు వంచి, నేలకు దగ్గరై, ముంజేయి, భుజం, వీపు ఒకదాని వెనక ఒకటి ఆనించి దొర్లమంటారు. దెబ్బ ఒక్కచోటే తగలకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. ఈ దొర్లుడులో కొంత జపాన్ యుద్ధవిద్య అయికిడో నుంచి వచ్చింది.

ఇద్దరు ఒకరినొకరు ఆనుకుని, బరువు ఇచ్చిపుచ్చుకుంటూ అప్పటికప్పుడు అల్లుకునే నాట్యం ఇది. ముందే కూర్చిన వరసలు ఉండవు. చాలాచోట్ల పాట కూడా పెట్టరు.

దీనికి ఆద్యుడు అమెరికన్ నర్తకుడు స్టీవ్ పాక్స్‌టన్ (1939–2024). మెర్స్ కన్నింగ్‌హామ్ నాట్యబృందంలో ఆడిన ఆయన, 1967లో ‘సాటిస్‌ఫైయిన్ లవర్’ అనే నాట్యంలో మామూలు మనుషుల్ని మామూలుగా నడిపించారు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరికి నడవడం, మధ్యలో కొందరు ఆగడం, కొందరు కూర్చోవడం, అంతే.

1972 జనవరిలో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కాలేజీలో ఆయన ‘మెగ్నీషియం’ అనే నాట్యం ప్రదర్శించారు. పరుపు మీద యువకులు ఎగిరారు, గుద్దుకున్నారు, పడ్డారు, లేచారు. చివర్లో కొన్ని నిమిషాలు ఊరికే నిలబడ్డారు. ఆ నిలబడటాన్ని పాక్స్‌టన్ ‘స్మాల్ డ్యాన్స్’ అన్నారు. కదలకుండా నిలబడ్డామనుకుంటాం గానీ, కాసేపు గమనిస్తే అసలు సంగతి తెలుస్తుంది: పాదాల మీద బరువు ముందుకూ వెనక్కూ జరుగుతూనే ఉంటుంది, చీలమండల చుట్టూ కండరాలు మనల్ని పడనీయకుండా క్షణక్షణం సర్దుతూనే ఉంటాయి. ఈ విద్యలోని పాఠాలన్నిటిలో నాకు ఇదే గొప్పది. దీనికి వయసు అడ్డురాదు, ఒళ్లు విల్లులా వంగనక్కర్లేదు.

ఆ రోజు ప్రేక్షకుల్లో నాన్సీ స్టార్క్ స్మిత్ అనే విద్యార్థిని ఉన్నారు. ఆడవాళ్లతో కూడా చేస్తే తనకు చెప్పమని పాక్స్‌టన్‌ను అడిగారు. అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్ జాన్ వెబర్ గ్యాలరీలో జరిగిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ ప్రదర్శనల్లో ఆమె కూడా ఉన్నారు.

సరిగ్గా నేర్వకుండా చేసేవాళ్లు గాయపడతారన్న భయంతో 1975లో పాక్స్‌టన్ బృందం ‘కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్’ పేరుకు ట్రేడ్‌మార్క్ తీసుకోవాలనుకుంది. తర్వాత ఆ ఆలోచన మానేసి, అనుభవాలు పంచుకోవడానికి ఒక చిన్న పత్రిక పెట్టింది. అదే పెరిగి ‘కాంటాక్ట్ క్వార్టర్లీ’ అయింది. ఈ నాట్యం ఇన్ని దేశాలకు పాకిందంటే ఆ నిర్ణయం పుణ్యమే అని నా నమ్మకం.

బక్కపలచని మనిషి భారీకాయుణ్ణి ఎత్తడం ఇక్కడ మామూలే. మోకాళ్లు వంచి, ఎదుటివారి నడుము కిందికి తన తుంటి చేరిస్తే, బరువు ఎముకల గుండా నేలకు దిగుతుంది. చేతుల బలంతో పెద్దగా పని లేదు. పట్టుకుని లాగడం ఇష్టపడరు కూడా.

1986లో పాక్స్‌టన్, యాన్ కిల్‌కాయిన్ కలిసి ఇంగ్లండ్‌లో ‘టచ్‌డౌన్ డ్యాన్స్’ మొదలుపెట్టారు. చూపున్నవారూ లేనివారూ అందులో కలిసి ఆడతారు.

మీరు చేరదలిస్తే ఉంగరాలు, గాజులు, గొలుసులు ఇంట్లోనే ఉంచండి. నడుంనొప్పో పాత దెబ్బో ఉంటే గురువుకు ముందే చెప్పండి. ఎవరి బరువైనా మొయ్యలేననిపిస్తే, ఎవరి స్పర్శైనా ఇబ్బందిగా ఉంటే వెంటనే పక్కకు జరగండి. కారణం చెప్పనక్కర్లేదు.