కొసిమో మెడిచీ పలుకుబడి

పదునైదవ శతాబ్ది ప్రథమార్ధమున ఇటలీదేశపు ఫ్లోరెన్సు నగరమందు ఐశ్వర్యమున గాని, వంశప్రతిష్ఠయందు గాని కొసిమో మెడిచీకి తీసిపోనివా రనేకులుండిరి. 1427లో పన్ను విధించుటకై ఇంటింటి ఆస్తిని లెక్కించినప్పుడు ధనికులలో అగ్రస్థానము పల్లా స్ట్రొజ్జీకి దక్కినది. అయినను 1434 మొదలు ముప్పది యేండ్లు, మరణించునంతవరకు, ఆ నగరమును నడిపినవాడు కొసిమోయే. ఇంతజేసియు ఆయన పదవిలో నున్నది బహుస్వల్పకాలము. ఆ గణతంత్రమున ప్రభుత్వసభ్యులు రెండేసి నెలలకే మారుచుండిరి.

ఈ చిక్కును 1993లో జాన్ ప్యాడ్జెట్, క్రిస్టఫర్ ఆన్సెల్ అను పండితులు, నాటి వియ్యములు, వర్తకపు పొత్తులు, అప్పులు, పూచీలు చరిత్రగ్రంథములనుండి ఏరి, ఏ కుటుంబమునకు ఏ కుటుంబముతో సంబంధమో గీతలు గీచి విప్పజూచిరి. ప్రత్యర్థులైన అల్బిజ్జీల పక్షమువారు తమలో తాము పిల్లల నిచ్చి పుచ్చుకొని, అందరును అందరికి బావమరదులై, సరిసమానులుగా అల్లుకొనిపోయినవారు. కాబట్టి ఒకని యాజ్ఞను మరియొకడు తలదాల్చవలసిన యక్కఱ వారికి లేకపోయినది. మెడిచీలు వియ్యమందినది నగరపు ఇతర పేటలలోని ప్రాచీనకుటుంబములతో. వ్యాపారము, సాయము, సిఫారసు నడపినది తమ పేటయందు క్రొత్తగా పైకి వచ్చుచున్న వారితో. ఆ కులీనులు ఈ క్రొత్తవారి గడప త్రొక్కరు, ఈ క్రొత్తవారు వారి పెండ్లిపందిట కానరారు. ఒకరి మాట మరియొకరికి చేరవలెనన్న మెడిచీల ఇంటిమీదుగానే పోవలెను. ఇది కొసిమో ముందుగా పన్నిన యెత్తని కొందరనవచ్చును గాని, పొరుగు పెద్దలు చేరనీయకపోగా దూరపు సంబంధములు వెదకికొన్న కుటుంబమునకు కాలము కలిసివచ్చినదనుటయే నాకు సబబుగా తోచుచున్నది. కలిసివచ్చినదానిని చేజార్చుకొనకపోవుటలో మాత్రము ఆయన ప్రజ్ఞ కలదు: తక్కువ మాటలాడును, ఎవరికిని తన మనసు తెలియనీయడు, కార్యార్థులు తన కడకు వచ్చువరకు వేచియుండును.

1433లో రినాల్డో అల్బిజ్జీ ఆయనను చెరబట్టించి దేశాంతరము పంపించెను. ఏడాది తిరుగకమున్నే మెడిచీల యనుకూలురు ప్రభుత్వమున చేరగా, రినాల్డో సాయుధులై రమ్మని తనవారికి కబురంపెను. కొందరు రానేలేదు. పల్లా స్ట్రొజ్జీ ఇద్దరు పరిచారకులను వెంటబెట్టుకొని గుఱ్ఱముపై వచ్చి, నాలుగు మాటలాడి, వచ్చిన త్రోవనే మరలిపోయెను. అవతలివైపున మెడిచీల మనుష్యులు క్షణములో గుమిగూడిరి. వారికి ఎవరు పిలిచిన పోవలెనో అను సందేహము లేదు. రినాల్డో వెడలగొట్టబడెను. తటస్థుడై తప్పుకొన్నానని తలచిన పల్లాకును బహిష్కారమే ప్రాప్తించినది. గడువు తీరినకొలది దానిని పొడిగించుచు రాగా, ఆ కుబేరుడు ఫ్లోరెన్సు మొగము మరల చూడకయే 1462లో పాడువాయందు మరణించెను.