ఆకు టీకి ఏ పాత్ర?

పొడి టీకి కావలసిన పాత్ర వేరు, ఆకు టీకి కావలసిన పాత్ర వేరు. పొడి టీ కోసం, 1930ల్లో అస్సాంలో మొదలైన సీటీసీ పద్ధతిలో తేయాకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చిన్న గుళికలుగా మారుస్తారు. ఆకు బాగా చితికిపోవడంతో సారం తొందరగా దిగుతుంది. పైగా పాలతో కలిపి పొయ్యి మీదే మరిగిస్తారు కాబట్టి వేడి తగ్గే ప్రశ్నే లేదు. ఆ టీకి స్టీలు గిన్నె, జల్లెడ చాలు. నీలగిరి తోటల్లో తయారయ్యే ఆర్థోడాక్స్ టీ, అంటే ఆకు టీ, అలా కాదు. మెలితిప్పి ఆరబెట్టిన ఆకు మీద మరుగునీళ్లు పోసి, మంట లేకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు నాననివ్వాలి. ఆ కాసేపూ వేడిని నిలబెట్టాల్సింది పాత్రే.

బెంగళూరు తూర్పు అంచున ఉన్న కాడుగోడిలో పాత్రకు ఆ పని ఇంకాస్త కష్టం. నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున నీటి మరుగుస్థానం పడిపోతుంది. విశాఖపట్నం తీరంలో 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే నీరు కాడుగోడి వంటింట్లో 97 దగ్గరే మరుగుతుంది. మంట ఎంత పెంచినా అంతకు మించదు. బ్లాక్ టీకి 97 సరిపోతుంది. చిక్కంతా ఆ తర్వాత పాత్ర లాగేసుకునే వేడితోనే.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత పెద్ద తేడానో తెలుస్తుంది. గదిలో 25 డిగ్రీల దగ్గరున్న 400 గ్రాముల పింగాణీ టీపాట్‌లో 300 మిల్లీలీటర్ల మరుగునీళ్లు పోశారనుకుందాం. రెండూ ఒకే వేడికి వచ్చేసరికి నీరు దాదాపు 82 డిగ్రీలకు దిగిపోతుంది. గాలిలోకి పోయే వేడి దీనికి అదనం. అదే పాట్‌ను ముందుగా వేడినీళ్లతో కడిగి 70 డిగ్రీలకు తెస్తే నీరు 91 దగ్గర నిలుస్తుంది. 150 గ్రాముల పలుచని గాజు పాట్‌లో ఈ ముందస్తు వేడి లేకపోయినా 90 దాకా ఉంటుంది. మందపాటి పాత్రే వేడిని బాగా కాపాడుతుందన్న నమ్మకం అది ముందే వేడెక్కి ఉంటేనే నిజం. గ్రీన్ టీకి 75–80 డిగ్రీలే కావాలి గనుక, చల్లటి మందపాటి పాట్ అక్కడ మేలే చేస్తుంది.

వేడి తర్వాత చూడవలసింది చోటు. నానిన ఆకు విప్పారి ఎన్నో రెట్లు పెరుగుతుంది. గొలుసుతో వేలాడే చిన్న జాలీ గుండులో ఆకు కూరితే, బయటి పొర నాని ఉబ్బి లోపలి ఆకుకు నీరు అందనివ్వదు. పాట్ అడుగుదాకా దిగే వెడల్పైన జాలీ బుట్ట దానికన్నా ఎంతో నయం. నిర్ణీత సమయానికి ఆకును పైకి తీసేయడానికీ అదే వీలు. టీ రుచి చూసేవారు పాటించే ఐఎస్ఓ 3103 ప్రమాణం 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాల సమయం చెబుతుంది. టీల మధ్య తేడాలు తేల్చడానికి పెట్టిన ఆ కొలత ఇంట్లో తాగడానికి కాస్త ఘాటే.

మూత బిగుతుగా ఉండాలి. ఆవిరితో పాటే వేడి, లినలూల్ వంటి సువాసన పదార్థాలు వెళ్లిపోతాయి. మూతకున్న చిన్న రంధ్రం మాత్రం అవసరమే. దాన్ని వేలితో మూసి పాట్ వంచితే ధార ఆగిపోతుంది, లోపలికి గాలి వెళ్లే దారి లేక. మూత ఎంత చక్కగా అమరిందో కొనేటప్పుడే తేల్చుకోవడానికి ఇది మంచి పరీక్ష.

ఏ పదార్థమన్నది అనుకున్నంత పెద్ద విషయం కాదు. గ్లేజు వేసిన పింగాణీ, గాజు, స్టెయిన్‌లెస్ స్టీలు మూడూ టీ రుచిని మార్చవు. గాజయితే బోరోసిలికేట్ కావాలి. మామూలు గాజు వేడికి దానికన్నా రెండు రెట్లకు పైగా వ్యాకోచించి పగులుతుంది. పూత లేని ఇనుము టీలోని పాలీఫినాల్స్‌తో కలిసి నీటిని నల్లబరుస్తుంది. కళాయి పోయిన ఇత్తడి వాడకూడదు. లోపలి వైపు రంగుల అలంకరణ ఉన్న, ఎక్కడ తయారైందో తెలియని పింగాణీనీ వదిలేయడమే మంచిది. గ్లేజులో సీసం ఉంటే నిమ్మరసం పిండిన టీలోకి మరింతగా దిగుతుంది.

కాడుగోడిలో చాలా ఇళ్లకు బోరునీళ్లు, ట్యాంకర్ నీళ్లే ఆధారం. అలాంటి నీరు తరచూ కఠినజలమే. దానితో టీ పెడితే కాసేపటికి పైన గోధుమరంగు తెట్టు కడుతుంది. నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్ల సాయంతో పాలీఫినాల్స్ గాలి తగిలిన చోట ఆక్సీకరణ చెందడం దానికి కారణం. మెడ సన్నగా, నోరు ఇరుకుగా ఉన్న పాట్‌లో గాలి తగిలే వైశాల్యం తక్కువ కాబట్టి తెట్టు తగ్గుతుంది, కానీ లోపలికి చెయ్యి పోదు. కడగడం ముఖ్యమనుకునే ఇంటికి వెడల్పు నోరే తగినది. పాత్ర గోడకు పట్టిన మరక వంటసోడాతో పోతుంది, కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి సున్నం నిమ్మ ఉప్పుతో కరుగుతుంది. గ్లేజు లేని మట్టి పాట్‌ను మాత్రం సబ్బుతో కడగకూడదు. దాని సూక్ష్మరంధ్రాలు వాసన పీల్చుకుని తర్వాతి టీలోకి వదులుతాయి.