క్రూజ్‌కి టక్సీడో కొనాలా? ఒక్క సూట్‌తో ఫార్మల్ నైట్స్ అన్నీ ఎలా గడపాలి

ఈ ఎపిసోడ్‌లో క్రూజ్ ట్రిప్‌కి మగవాళ్ళు ఏ ఫార్మల్ బట్టలు సర్దుకోవాలో మాట్లాడుకుందాం. అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు వాళ్ళని అలాస్కాకో బహామాస్‌కో క్రూజ్‌లో తీసుకెళ్ళడం మన తెలుగువాళ్ళలో ఇప్పుడు మామూలైపోయింది. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు సౌతాంప్టన్ నుంచి ఎక్కుతున్నారు. అంతా బాగానే ఉంటుంది కానీ, బుకింగ్ వివరాలు చదువుతుంటే మధ్యలో ఒక మాట తగులుతుంది: "ఫార్మల్ నైట్". ఇక టెన్షన్ మొదలు. టక్సీడో కొనాలా? సూట్ సరిపోతుందా? నాన్నగారు ఎప్పుడూ పంచే కడతారు, ఆయన్ని డిన్నర్‌కి రానిస్తారా?

అసలు విషయం ముందే చెప్పేస్తాను. చాలామందికి టక్సీడో అక్కర్లేదు. ఒంటికి సరిగ్గా సరిపోయే ముదురు రంగు సూట్ ఒక్కటి ఉంటే చాలు. కొత్తది కొనక్కర్లేకుండా అది మీ బీరువాలో ఇప్పటికే ఉండొచ్చు కూడా. ఎందుకో, ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి పని షాపింగ్ కాదు, చదవడం. ఒక్కో క్రూజ్ కంపెనీ రూల్ ఒక్కోలా ఉంటుంది. అన్నిటికంటే పట్టింపు ఎక్కువగా ఉండేవాటిలో కునార్డ్ ఒకటి. క్వీన్ మేరీ 2 అనే పెద్ద షిప్ వీళ్ళదే. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి అట్లాంటిక్ దాటి వెళ్తుంది, మామూలుగా 7 రాత్రులు పడుతుంది. వీళ్ళ గాలా ఈవెనింగ్స్‌లో మగవాళ్ళు టక్సీడో గానీ, టై కట్టుకుని ముదురు సూట్ గానీ వేసుకోవాలి. చూశారా? ఇంత పట్టింపు ఉన్నచోట కూడా సూట్ నడుస్తుంది.

కార్నివాల్ లాంటి కంపెనీలు ఇంకా వదులు. వాళ్ళ "ఎలిగెంట్ నైట్"కి మంచి ప్యాంట్, ఇస్త్రీ చొక్కా ఉంటే చాలు, కోటు మీ ఇష్టం. సెలబ్రిటీ వాళ్ళు "ఈవెనింగ్ షిక్" అంటారు, హాలండ్ అమెరికా వాళ్ళు "డ్రెస్సీ నైట్" అంటారు. ఇక నార్వేజియన్‌లో తప్పనిసరి ఫార్మల్ నైట్ అంటూ లేదు. వర్జిన్ వాయేజెస్‌లో ఒక రాత్రి అందరూ ఎర్రటి బట్టలు వేసుకుంటారు, అంతే. కాబట్టి "క్రూజ్ అంటే టక్సీడో" అని ఎవరైనా చెప్తే, "ఏ కంపెనీ?" అని ముందు అడగండి.

ఇక్కడ ఒక మాట దగ్గర చాలామంది పొరబడతారు. "బ్లాక్ టై" అంటే నల్లరంగు టై అని కాదు. అది టక్సీడో వేసుకునే పద్ధతి పేరు. కోటు కాలర్ మడతల మీద మెరిసే శాటిన్ గుడ్డ, ప్యాంట్ పక్కన శాటిన్ పట్టీ, తెల్ల చొక్కా, నల్లటి బో టై. మొత్తం కలిపి బ్లాక్ టై. అమెరికాలో టక్సీడో అన్నదాన్నే బ్రిటన్‌లో డిన్నర్ జాకెట్ అంటారు. న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే ఊరుంది, ఆ ఊరి నుంచే ఆ పేరు వచ్చింది. మీ ఈమెయిల్‌లో "బ్లాక్ టై ఆర్ డార్క్ సూట్" అని ఉంటే, "ఆర్" తర్వాత ఉన్న మాటే మీకు కావాల్సింది. హ్యాపీగా సూట్ వేసుకోండి.

రెండో పని, ఎన్ని ఫార్మల్ నైట్స్ ఉన్నాయో లెక్కపెట్టడం. మామూలుగా 3 నుంచి 5 రాత్రుల ట్రిప్‌లో ఒకటి, 7 రాత్రుల ట్రిప్‌లో రెండు ఉంటాయి. చాలాసార్లు షిప్ ఏ ఊళ్ళోనూ ఆగకుండా రోజంతా సముద్రంలో ఉండే రోజున పెడతారు. ఎందుకంటే ఊరు తిరిగొచ్చి అలసిపోయిన రోజు టై కట్టుకోమంటే ఎవరికీ ఓపిక ఉండదు. మొదటి రాత్రి, చివరి రాత్రి దాదాపుగా ఉండదు. మొదటి రాత్రికి సామాన్లు ఇంకా గదులకి చేరుతూ ఉంటాయి, చివరి రాత్రికి మళ్ళీ సర్దేసి గది బయట పెట్టేయాలి. అంటే వారం ట్రిప్‌లో ఈ బట్టలు వేసుకునేది రెండే రెండు సాయంత్రాలు. ఆ రెండు సాయంత్రాల కోసం రెండు సూట్లు, మూడు జతల బూట్లు మోసుకెళ్ళడం అవసరమా చెప్పండి.

సరే, ఇప్పుడు ఆ ఒక్క సూట్ సంగతి. కొత్తది కొనే ముందు బీరువా తెరవండి. మనలో పెళ్ళయిన చాలామందికి రిసెప్షన్ సూట్ ఒకటి ఉంటుంది. అత్తగారింటివాళ్ళు పెట్టింది, ఒక్కరోజు వేసుకుని కవర్‌లో పెట్టింది. అది నేవీ బ్లూ గానీ, ముదురు బూడిద రంగు గానీ, ప్లెయిన్‌గా ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. మెరూన్ వెల్వెట్, రాళ్ళు, ఎంబ్రాయిడరీ ఉన్నదైతే మాత్రం పక్కన పెట్టండి, అక్కడ మరీ పెళ్ళికొడుకులా కనిపిస్తారు.

వేసుకుని చూడండి. ప్యాంట్ నడుము బిగుతైతే కంగారు పడొద్దు. మంచి సూట్ ప్యాంట్‌కి వెనక కుట్టులో కొంచెం గుడ్డ అదనంగా వదిలిపెడతారు, టైలర్ దాన్ని విప్పి నడుము వదులు చేయగలడు. చేతుల పొడవు కూడా సరిచేయొచ్చు. కానీ కోటు భుజాల దగ్గర సరిపోకపోతే వదిలేయండి. భుజాలు మార్చడం అంటే కోటు మొత్తం విప్పి కుట్టినంత పని. అద్దం ముందు నిలబడితే భుజం కుట్టు మీ భుజం ఎముక అంచు దగ్గరే ఆగాలి. ఈ ఒక్కటి సరిగ్గా ఉంటే మామూలు ధర సూట్ కూడా ఖరీదైనదిలా కనిపిస్తుంది. అది తప్పితే ఎంత ఖరీదు పెట్టినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది.

కొత్తగా కుట్టించుకునేవాళ్ళకి నా సలహా: నల్లది వద్దు, నేవీ తీసుకోండి. నేవీ అయితే కోటు విడిగా తీసి, లేతరంగు ప్యాంట్ మీద మిగతా సాయంత్రాలు కూడా వేసుకోవచ్చు. ఆఫీసుకి, ఇంటర్వ్యూకి, ఫ్రెండ్ పెళ్ళికి కూడా పనికొస్తుంది. గుడ్డ విషయానికొస్తే పల్చటి ఉన్ని బెస్ట్. కరీబియన్ ఎండల్లో ఉన్ని ఏంటి అనుకోకండి. మీరు దాన్ని వేసుకునేది డెక్ మీద కాదు, ఏసీ డైనింగ్ హాల్లో. పైగా ఉన్నికి ముడతలు పడినా ఒక రాత్రి హ్యాంగర్‌కి తగిలిస్తే చాలావరకు వాటంతటవే పోతాయి. లినెన్ అలా కాదు, కూర్చుని లేచేసరికి నలిగిపోతుంది.

ఒకే సూట్ రెండు రాత్రులా, ఫోటోల్లో ఒకేలా ఉండదా అంటారేమో. దానికి సింపుల్ ఉపాయం ఉంది. మొదటి రాత్రి తెల్ల చొక్కా, ముదురు ఎరుపు టై. రెండో రాత్రి ఇంకో తెల్ల చొక్కా, నల్ల బో టై, జేబులో తెల్ల రుమాలు. చూసేవాళ్ళు ముందు గమనించేది మెడ దగ్గరే, కాబట్టి అక్కడ మారిస్తే లుక్ మొత్తం మారినట్టే. బూట్లు నల్లటి లెదర్‌వి ఒక్క జత. బెల్టు నల్లది. సాక్స్ ముదురు రంగువి, కూర్చున్నప్పుడు కాలు కనిపించనంత పొడవు ఉండాలి. తెల్ల స్పోర్ట్స్ సాక్స్ మాత్రం వద్దు బ్రదర్.

ఇప్పుడు అందరికంటే ముఖ్యమైన మనిషి, నాన్నగారు. జీవితమంతా పంచెలో ఉన్న మనిషిని 65 ఏళ్ళ వయసులో బలవంతంగా సూట్‌లోకి దింపితే, ఆ రెండు గంటలూ ఆయన భోజనం చేయరు, మొహమాటంతో బిగుసుకుని కూర్చుంటారు. దానికోసమా ఆయన్ని అంత దూరం తీసుకెళ్ళింది? చాలామందికి తెలియని విషయం ఏంటంటే, కునార్డ్ లాంటి కంపెనీలు ఫార్మల్ నైట్‌కి "నేషనల్ డ్రెస్" కూడా ఒప్పుకుంటాయి. స్కాట్లాండ్ వాళ్ళు కిల్ట్ వేసుకుని వస్తారు, అదీ ఫార్మలే. అలాంటప్పుడు జరీ అంచు పట్టు పంచె, పట్టు లాల్చీ, కండువా ఎందుకు కావు? మనకి అంతకంటే ఫార్మల్ ఏముంది?

అయితే దీన్ని గాలికి వదిలేయొద్దు. బయల్దేరే ముందు మీ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి. "మా నాన్నగారు భారతీయ సంప్రదాయ దుస్తుల్లో వస్తారు, గాలా డిన్నర్‌కి ఇది సరేనా?" అని అడిగి, వీలైతే ఒక ఫోటో కూడా జత చేయండి. జవాబు వచ్చాక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సముద్రంలో ఇంటర్నెట్‌కి విడిగా డబ్బులు కట్టాలి, అక్కడ మెయిల్ వెతుక్కునే పరిస్థితి రాకూడదు. డైనింగ్ హాల్ గుమ్మం దగ్గర ఎవరైనా అనుమానంగా చూసినా ఆ స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలు. నాన్నగారు తలదించుకోవాల్సిన పని ఉండదు.

పంచెకి కొన్ని చిన్న జాగ్రత్తలు. షిప్ కొంచెం ఊగుతుంది, మెట్లు ఉంటాయి, కాబట్టి నడుముకి బెల్టు పెట్టాలి, లేదంటే వెల్క్రో ఉన్న రెడీమేడ్ పంచె తీసుకోవాలి. రబ్బరు చెప్పులు కాకుండా మంచి తోలు చెప్పులు. ఏసీ చలికి ఒక శాలువా. డెక్ మీద ఫోటోలకి వెళ్ళేటప్పుడు గాలికి కండువా ఎగిరిపోకుండా ఒక పిన్ను.

మనలాంటి కుర్రాళ్ళకి సూట్ బోర్ కొడితే బంద్‌గలా ఉంది. మెడ దాకా మూసి ఉండే జోధ్‌పురి కోటు. దీనికి టై అక్కర్లేదు, ఒక బరువు తగ్గినట్టే. ముదురు రంగులో, ప్లెయిన్‌గా ఉన్నది ఎంచుకోండి. హైదరాబాద్ వాళ్ళైతే నల్ల షేర్వానీ కూడా వేసుకోవచ్చు, నిజాం రోజుల్లో అక్కడ దర్బారుకి వెళ్ళే బట్ట అదే కదా.

ఇక సర్దడం. ముందు జేబులన్నీ ఖాళీ చేయండి. కోటు ఒక భుజాన్ని లోపలికి తిరగేసి, రెండో భుజాన్ని అందులోకి దూర్చండి. అంటే లైనింగ్ బయటికి వస్తుంది, అసలు గుడ్డ లోపల భద్రంగా ఉంటుంది. దాన్ని డ్రై క్లీనింగ్ వాళ్ళు ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, మధ్యలో చుట్టిన టీషర్ట్ ఒకటి ఉంచి, సగానికి మడవండి. ప్లాస్టిక్ వల్ల గుడ్డ జారుతూ ఉంటుంది, మడత గట్టిగా పడదు. సాక్స్, బెల్టు బూట్ల లోపల పెట్టేయండి.

ఇస్త్రీ పెట్టె మాత్రం తీసుకెళ్ళకండి. షిప్ మీద అగ్ని ప్రమాదం అంటే పారిపోవడానికి చోటుండదు, అందుకే క్యాబిన్‌లో ఇస్త్రీ పెట్టెల్ని, బట్టల స్టీమర్లని ఒప్పుకోరు. చెకింగ్‌లో తీసేసుకుని చివరి రోజు ఇస్తారు. కునార్డ్ షిప్పుల్లో ఇస్త్రీ సౌకర్యంతో లాండ్రీ గదులుంటాయి. రాయల్ కరీబియన్‌లో అలాంటివి ఉండవు, డబ్బులిచ్చి చేయించుకోవాలి. గదిలోకి వెళ్ళగానే సూట్ హ్యాంగర్‌కి తగిలించండి. వేడినీళ్ళ స్నానం చేసేటప్పుడు బాత్రూంలో వేలాడదీస్తే ఆవిరికి ముడతలు ఇంకా తగ్గుతాయి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇది. షిప్ ఎక్కడానికి విమానంలో వెళ్తున్నారా? అయితే సూట్‌నీ, నాన్నగారి పట్టు బట్టల్నీ చెక్-ఇన్ బ్యాగ్‌లో వేయొద్దు, మీ చేతి బ్యాగ్‌లోనే ఉంచండి. బ్యాగ్ ఎక్కడో ఆగిపోతే షిప్ మీకోసం ఆగదు. ఊరూరా ఆగే ట్రిప్ అయితే తర్వాతి రేవులో అందుకోవచ్చేమో. అట్లాంటిక్ దాటే ట్రిప్‌లో మధ్యలో రేవే లేకపోతే, అటువైపు దిగేదాకా మీకు ఒంటిమీద బట్టలే దిక్కు.

చివరి రాత్రికి కూడా ఒక మాట. సూట్‌కేసులు గది బయట పెట్టే ముందు మర్నాడు వేసుకోవాల్సిన ప్యాంట్, చొక్కా, బూట్లు విడిగా తీసి పెట్టుకోండి. అన్నీ సర్దేసి పంపించేస్తే పొద్దున్నే నైట్ ప్యాంట్‌తో దిగాల్సి వస్తుంది.

ఇంతా చేసి, అసలు ఈ గోలంతా వద్దనుకుంటే? అదీ తప్పేం కాదు. ఫార్మల్ నైట్ రోజు కూడా బఫే తెరిచే ఉంటుంది. క్వీన్ మేరీ 2లో కింగ్స్ కోర్ట్ అనే బఫే ఉంది, అక్కడ గాలా బట్టలు అక్కర్లేదు. కాకపోతే ఆ సాయంత్రం ప్రధాన డైనింగ్ హాల్‌కి వెళ్ళే అవకాశం పోతుంది.

సో ఫ్రెండ్స్, లిస్ట్ ఇదీ: ముదురు సూట్ లేదా బంద్‌గలా ఒకటి, తెల్ల చొక్కాలు రెండు, ఒక టై, ఒక బో టై, నల్ల బూట్లు ఒక జత, బెల్టు, సాక్స్. నాన్నగారికి పట్టు పంచె, లాల్చీ, కండువా, శాలువా. టక్సీడోకి పెట్టే డబ్బు మిగిలితే అమ్మానాన్నల్ని రేవులో ఇంకో చోటుకి తిప్పండి. క్రూజ్ బుక్ చేసుకున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాళ్ళు షాపింగ్ మాల్‌కి బయల్దేరకముందే ఈ ఎపిసోడ్ పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.