'ఓరియంటల్' - 'ప్రాచ్య' : శబ్దార్థ విచారము

మన కళాశాలల నామములందున్న 'ఓరియంటల్' అను ఆంగ్ల విశేషణమునకు మూలము లాటిన్ భాషలోని 'ఓరియెన్స్' శబ్దము. ఉదయించుచున్నది అని వ్యుత్పత్త్యర్థము. సూర్యుడుదయించు దిక్కగుటచే తూర్పు అనియు, పిదప ఐరోపాకు తూర్పుననున్న దేశములకు సంబంధించినది అనియు అర్థము విస్తరించినది.

దీనికి మనము 'ప్రాచ్య' శబ్దమును పర్యాయముగా గ్రహించితిమి. 'ప్రాక్' శబ్దముపై యత్ప్రత్యయము చేరగా ఈ రూపము సిద్ధించినది. ప్రాచ్యమనగా ప్రాచీనమేయని సమర్థించువారు కలరు. అది పొసగదు. కాలార్థమున 'ప్రాక్తనము' అని రూపమగునని కాశికావృత్తి చెప్పుచున్నది. కావున 'ప్రాచ్య' దిగ్దేశవాచకమే. అమరసింహుడు శరావతీ నదిని హద్దుగా గ్రహించి, దేశమును ప్రాచ్యము, ఉదీచ్యము అని విభజించెను. అనగా సంస్కృతమున ప్రాచ్యము మన దేశములోని యొక భాగము. ఆంగ్లమున 'ఓరియంటల్' అనగా మన దేశమంతయు, దానితోపాటు అరబ్బు, చీనా దేశములును. ఈ రెండును సమానార్థకములు కావు.

ఆంగ్లమునందే ఈ పదవ్యవహారము తగ్గుచున్నది. మనుష్యులకు విశేషణముగా వాడుట గౌరవహీనమని యెంచి, అమెరికా 2016లో దీనిని తన సమాఖ్య శాసనములనుండి తొలగించినది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము 2022లో ఈ పదమున్న తన విభాగనామమును మార్చుకొన్నది.

తూర్పు అనునది చూచువాడు నిలిచిన చోటినిబట్టి యేర్పడును. మన శాస్త్రములను మనము చెప్పునపుడు ఐరోపాలో నిలిచి చూడనక్కరలేదు. కళాశాలల పేరు రూఢమైనది, ఉండనిండు. వ్యాసరచనలో మాత్రము 'ప్రాచ్యవిద్య' అని ముద్దగా చెప్పక, వ్యాకరణము, అలంకారశాస్త్రము, ఆంధ్రవాఙ్మయము అని ఆయా విద్యను దాని పేరుతోనే వ్యవహరించుట యుక్తము.