ఆగవలసిన ఉదయం

1996 ఏప్రిల్ 11. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్ర రాజధాని షయాన్ నుండి చిన్న సెస్నా విమానమొకటి వానలో పైకి లేచినది. కొద్దిసేపటికే ఇళ్ల నడుమ కూలినది. ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్, ఆమె తండ్రి, విమాన శిక్షకుడు మరణించినారు. పసివయసులోనే ఆ బాలిక విమానంలో దేశమంతా దాటి పేరు పొందవలెనని వారి సంకల్పం.

దర్యాప్తు సంఘం దోషాన్ని యంత్రంపై మోపలేదు. షయాన్ సముద్రమట్టానికి 6,100 అడుగులకు పైన ఉన్నది. అంత ఎత్తున గాలి పలుచన. రెక్కలకు ఆధారమూ, ఇంజనుకు బలమూ తగ్గును. తీరప్రాంతపు గాలికి అలవాటుపడిన శిక్షకునికి ఆ స్థితి కొత్త. పైగా విమానంలో పరిమితికి మించిన బరువు. చుట్టూ ఉరుములు, ఈదురుగాలి. వేగం చాలక రెక్కలు గాలిపై పట్టు కోల్పోయినవి.

వాన వెలియువరకు ఆగలేదేమి? ముందుగా వేసుకొన్న ప్రయాణక్రమం ఒకటి; పత్రికలకు, టెలివిజనుకు ఇచ్చిన మాట మరొకటి. ఈ తొందరను కూడ దర్యాప్తు సంఘం కారణాలలో చేర్చినది. అనుమతిపత్రం లేనివారు రికార్డుల కొరకు విమానం నడపరాదని అదే సంవత్సరం అమెరికా కాంగ్రెసు శాసించినది.

పిల్లలకు సాహసం నేర్పువారు, ఆగుట ఎప్పుడో కూడ నేర్పవలసియున్నది. ఆనాడు ఆ పాఠం తెలియవలసినది బాలికకు కాదు, పెద్దలకు.